రెండు జారుముళ్ళు

ఎడమ చేతి పిడికిలిని వలకన్నులో దూర్చి, ఒకసారి తన వైపు లాగి, వదిలేసి పక్క కన్నుకు వెళ్ళింది వలమ్మ. అరగంట నుంచి అదే పని. తెల్లవారి ఎంతోసేపు కాలేదు. మైదానంలో గడ్డి ఇంకా తడిగా ఉంది. వలకు పట్టిన మంచు ఆమె కదిలించినప్పుడల్లా జలజలా రాలి, మోచేతుల దాకా మడిచిన చొక్కాను తడుపుతోంది. ఒక్కో గోల్‌కు కట్టిన వలలో పధ్నాలుగు వందల పైచిలుకు కళ్ళుంటాయి. అన్నిటినీ చేత్తో చూడక్కర్లేదనీ, నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే చిరుగు దానంతటదే కనబడుతుందనీ ఏడాదికొకరు చొప్పున ఆమెకు చెబుతూనే ఉంటారు. ఆ మాటను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తుంది. పిడికిలి పట్టిన కన్ను మంచిది, మోచెయ్యి దాకా దిగిపోయిన కన్ను తెగినది. ఆమెకు తెలిసిన పరీక్ష అదొక్కటే. ఆ పరీక్ష పెట్టకుండా ఏ వలనూ ఆటకు వదిలింది లేదు.

వలమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. మైదానంలో ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, అసలు పేరు పెట్టి పిలిస్తే ఇప్పుడామె తిరిగి చూస్తుందన్న నమ్మకం లేదు. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. పొట్టి మనిషి, భుజాలు మాత్రం బరువులెత్తే మనిషికి ఉన్నట్టు ఉంటాయి. కుడిచేతి చూపుడువేలి మొదటి కణుపు దగ్గర తాడు ఒరుసుకుని ఒరుసుకుని గాడి పడింది. పై వరస పళ్ళలో ఒకదాని మూల విరిగింది. చాకు నడుముకు వేలాడుతున్నా తాడును పంటితో కొరికే అలవాటు మానలేదు కాబట్టి ఆ పన్ను తన తప్పు ఏమీ లేకుండానే బలైపోయింది. రెండు మోకాళ్ళకూ పాత గుడ్డ మెత్తగా మడిచి చుట్టుకుంటుంది. నడుముకు తోలు పట్టీ, పట్టీకి తెల్లటి నైలాన్ తాడు ఉండ, మైనం ముక్క, తాడు కొసలు కాల్చి గట్టిపరిచే లైటరు.

ఈ పనిలోకి ఆమె కావాలని రాలేదు. వలలు కట్టే ఉద్యోగం మొదట ఆమె భర్తది. టోర్నమెంటు మూడు రోజుల్లో ఉందనగా ఆయన నిచ్చెన మీద నుంచి పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. దేశదేశాల నుంచి పిల్లలు విమానాలెక్కేశారు, వలలు కట్టే మనిషి కట్టు కట్టించుకుని మంచంలో ఉన్నాడు. ఆ ఒక్క ఏడాదికీ అనుకుని ఆమె వచ్చింది. ఎముక అతుక్కున్నాక ఆయన మైదానానికి వచ్చి, ఆమె వేసిన ముడిని ఒకటికి నాలుగుసార్లు పీకి చూసి, “నీ ముడి నా ముడి కంటే గట్టిగా ఉందే. నేను గడ్డి కోసుకుంటాలే,” అన్నాడు. అన్నట్టే చనిపోయేదాకా గడ్డి కోసే యంత్రం తోశాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆ ఒక్క ఏడాదీ ఇరవై తొమ్మిదేళ్ళయింది.

ఏటా పది రోజులు జరిగే టోర్నమెంటు అది. పదమూడేళ్ళలోపు పిల్లలకు. ఇరవై నాలుగు జట్లు వస్తాయి. మిగతా ఏడాదంతా కుక్కలూ, పొద్దున నడిచే పెద్దవాళ్ళూ తప్ప ఎవరూ తొక్కని ఆ మైదానం పది రోజుల పాటు పదహారు భాషల్లో అరుస్తుంది. ఆటను అందరూ పక్క నుంచి చూస్తారు. వలమ్మ మూడో నంబరు గోల్ వెనక పీట వేసుకుని, వలలోంచి చూస్తుంది. ఎవరు గెలుస్తున్నారో ఆమెకు చాలాసార్లు తెలియదు. గోల్‌కీపర్లు మాత్రం క్షుణ్ణంగా తెలుసు. ఒకడు గోల్‌స్తంభంతో మాట్లాడతాడు. ఒకడు బంతి దూరంగా ఉన్నంతసేపూ గోళ్ళు కొరుకుతాడు. అందరూ వచ్చీ రాగానే తువ్వాళ్ళు వల మీద ఆరేస్తారు. “వల బట్టలారేసుకునే తాడా నాయనా? తియ్యి,” అంటుంది. ఏ దేశపు పిల్లాడైనా సరే ఆ మాట అర్థం చేసుకుని తీసేస్తాడు. గోల్ పడ్డాక వలను రెండు చేతులా పట్టుకుని అటువైపు తిరిగి ఏడ్చే పిల్లల వేళ్ళ మీద ఇవతలి నుంచి తన వేళ్ళు ఆనించి కాసేపు ఉంటుంది. అలా ఏడ్చినవాడొకడు పద్దెనిమిదేళ్ళ తర్వాత ఒక జట్టుకు కోచ్‌గా వచ్చాడు. గడ్డం పెంచిన పెద్దమనిషి తిన్నగా ఆమె పీట దగ్గరికొచ్చి, వల పట్టుకుని నవ్వుతూ నిలబడేసరికి ఆమెకు మొదట అర్థం కాలేదు. వేళ్ళు చూశాక గుర్తొచ్చింది.

ఇవాళ చివరి రోజు. పొద్దున సెమీఫైనలు, సాయంత్రం ఫైనలు, ఆ వెంటనే బహుమతులు. టోర్నమెంటుకే కాదు, ఆమెకూ చివరి రోజే. వచ్చే ఏడాది నుంచి కొత్తరకం గోల్‌లు వస్తున్నాయి. వాటికి వలను తగిలించడానికి ప్లాస్టిక్ క్లిప్పులుంటాయట, నొక్కితే చాలట, ముళ్ళక్కర్లేదట. మైదానం మేనేజరు ఆ సంగతి చెప్పడానికి రెండు వారాలు తటపటాయించాడు. అందరూ వెనక కంగారయ్య అని పిలుచుకునే ఆ మేనేజరు మనిషి మంచివాడే, అగ్గిపెట్టె కనబడకపోయినా చెమటలు పట్టే రకం. చివరికి ఎలాగో చెప్పి, ఆ చేదుకు తీపి జోడించినట్టు నిన్న సాయంత్రం ఒక కాగితం తెచ్చిచ్చాడు. బహుమతుల సభలో ఆమెను వేదిక మీదికి పిలిచి మైకులో చదవబోయే మాట అందులో ఉంది.

‘ఇరవై తొమ్మిదేళ్ళుగా మన వలలు కట్టిన ఈమె పనిని ఇంతవరకూ ఎవ్వరూ వేలెత్తి చూపలేదు.’

వలమ్మకు చదువొచ్చు. అయినా ఇంటికెళ్ళాక కోడలి చేత బయటికి చదివించుకుంది. కోడలు చదువుతుంటే కళ్ళు మూసుకుని కూర్చుంది. అయిపోయాక, “ఇంకోసారి చదువమ్మా, పొయ్యి చప్పుడులో సరిగ్గా వినబడలేదు,” అంది. పొయ్యి అప్పటికి ఆర్పేసి ఉంది. కోడలికి నవ్వొచ్చింది గానీ, నవ్వకుండా ఇంకోసారి చదివింది. ఆ కాగితం ఇప్పుడు నాలుగు మడతలై వలమ్మ చొక్కా జేబులో ఉంది. ఒంగినప్పుడల్లా జేబు తడుముకుంటోంది.

వలలో దూరిన బంతి దూరినట్టే ఉండాలి, బయట పోయింది బయటే పోవాలి. గోల్ అయిందా కాలేదా అన్న తగువు ఆమె కట్టిన వల వల్ల ఏనాడూ రాలేదు. కాగితంలో ఉన్నది ఇచ్చకానికి రాసిన మాట కాదు, అక్షరాలా నిజం. ఈ ఒక్క రోజూ గడిస్తే ఆ నిజం ఇక ఎప్పటికీ చెడదు. పొద్దున లేచిన దగ్గర నుంచీ ఆమె తలలో తిరుగుతున్నది ఆ ఒక్క ఆలోచనే.

పది గంటలకు గ్యాలరీ నిండిపోయింది. ఊరి జట్టు సెమీఫైనలు దాకా రావడం ఇరవై తొమ్మిదేళ్ళలో ఇదే మొదలు. దుకాణాలు మూసుకుని మరీ వచ్చారు. గోల్‌కు దగ్గరగా, మూడో వరసలో కోడలు కూర్చుంది. బస్సు డిపోలో టికెట్ల కౌంటరు ఆమె ఉద్యోగం. పెళ్ళై పదకొండేళ్ళయినా మైదానంలో అడుగుపెట్టడం ఇదే తొలిసారి. అత్తగారు ఏం చేస్తారని డిపోలో అడిగితే ‘స్టేడియం ఆఫీసులో’ అని చెబుతూ వచ్చింది. వలమ్మకు ఆ సంగతి తెలుసు. తెలుసన్న సంగతి కోడలికి తెలియనివ్వలేదు. లారీ మీద నెలల తరబడి తిరిగే కొడుకు ఇంట్లో లేనప్పుడు రెండు గదుల్లో ఇద్దరాడవాళ్ళు సర్దుకుపోవాలంటే కొన్ని తెలియనట్టు ఉండాలి.

కోడలు ముందుకు వంగి కేకేసింది. “అత్తయ్యా, సాయంత్రం ఆ మోకాళ్ళ గుడ్డలు విప్పేసి ఎక్కండి స్టేజీ.”

“స్టేజీ ఎక్కాల్సింది మోకాళ్ళతోనేగా. ఉండనీ.”

అవతలి జట్టువాళ్ళవి పసుపు చొక్కాలు. వాళ్ళ గోల్‌కీపరు జట్టులోకల్లా చిన్నవాడు. గ్లౌజులు మణికట్టు దాటి ముంజేతి సగం దాకా వచ్చాయి. మొదటి సగం అతనికి పడింది మూడో నంబరు గోలే. వచ్చీ రాగానే బూట్లకంటిన మట్టి రాల్చుకోవడానికి ఎడమ స్తంభాన్ని ఒకటి రెండుసార్లు తన్నాడు. మూడోసారి బూటు పక్కకు జారి, అడుగున ఉన్న మేకులు స్తంభం పక్కనున్న వలలో ఇరుక్కున్నాయి. పిల్లాడు కాలు గుంజుకున్నాడు. గుంజుకున్నకొద్దీ బిగిసింది. వలమ్మ పీట మీద నుంచి లేచి పరుగున వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

“ఆగు నాయనా, ఆగు. లాగితే నా వలా పోతుంది, నీ కాలూ పోతుంది.”

చాకు తీసి రెండు కళ్ళు కోస్తే క్షణం పని. వలను కొయ్యడానికి ఆమెకు చేతులు రావు. వలను స్తంభానికి పట్టి ఉంచిన ముళ్ళలో మోకాలెత్తున ఉన్న రెండింటిని విప్పి, వదులు చేసి, మేకుల్ని ఒక్కొక్కటే తప్పించింది. బూటు బయటికొచ్చింది. పిల్లాడు ఏదో అన్నాడు, బహుశా వాళ్ళ భాషలో థాంక్స్ అయి ఉంటుంది. అప్పటికే రెండు జట్లూ సిద్ధంగా నిలబడ్డాయి. మైదానం మధ్య నుంచి రెఫరీ ఈల నోట్లో పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. గ్యాలరీలో అరుపులు మొదలయ్యాయి. కంగారయ్య గట్టు మీద నిలబడి గడియారం చూపిస్తున్నాడు.

వలమ్మ ముడి అంటే రెండు చుట్లు, ఒక మెలిక, మళ్ళీ ఎదురు ముడి, కొస కాల్చడం. ఒక్కోదానికి నిమిషం పైన పడుతుంది. ఆమె రెండు తాళ్ళకూ గబగబా జారుముళ్ళు వేసింది. తాత్కాలికంగా వేసినవని తనకే గుర్తుండడానికి కొసలు పొడుగ్గా వదిలింది. సగం ఆటకు విరామం ఇచ్చినప్పుడు విప్పి మళ్ళీ కట్టొచ్చనుకుంది. లేచి నిలబడింది. అంతా బాగుందా అన్నట్టు రెఫరీ చెయ్యి ఊపాడు.

వలమ్మ బొటనవేలు పైకెత్తి చూపించింది. ఈల మోగింది.

ఇరవై నిమిషాలు ఏమీ జరగలేదు. ఆమె చూపంతా ఆ రెండు కొసల మీదే ఉంది. అవి గాలికి ఊగినప్పుడల్లా పీట ముందుకు జరుపుకుంటోంది. ఆ తర్వాత ఊరి జట్టులో పొడుగ్గా ఉండే కుర్రాడు ఎడమవైపు గీత దాకా బంతిని తోసుకొచ్చి, కోణం చాలకపోయినా ఒళ్ళంతా కూడదీసుకుని కొట్టాడు. బంతి స్తంభానికి జానెడు బయటగా, సరిగ్గా మోకాలెత్తున, వల పక్కభాగానికి తగిలింది. తగిలి ఆగాల్సింది. రెండు ముళ్ళూ ఒకదాని వెంట ఒకటి జారాయి. స్తంభానికీ వలకూ మధ్య సందు నోరు తెరిచింది, బంతి లోపలికి దూరింది, వల మళ్ళీ యథాస్థానానికి వచ్చి పడింది. గ్యాలరీ వాళ్ళకు కనబడింది ఒక్కటే, బంతి వలలో ఉంది. వాళ్ళ కేకలకు చెవులు చిల్లులు పడ్డాయి. రెఫరీకి ఇద్దరు పిల్లలు అడ్డం ఉన్నారు. గీత మీది సహాయకుడు మైదానానికి అవతలి వైపున ఉన్నాడు. ఈల వేసి, చెయ్యి మైదానం మధ్యకు చూపించాడు రెఫరీ. గోల్.

ఊరి జట్టు పిల్లలంతా ఒక్కుమ్మడిగా గోల్‌లోకి పరిగెత్తి, వల పట్టుకుని వేలాడి, ఒకరి మీద ఒకరు పడి దొర్లారు. పసుపు చొక్కా చిన్నవాడు మాత్రం స్తంభం దగ్గర నిలబడి, గ్లౌజు వేలు వల పక్కకు చూపిస్తూ గొంతు చించుకుంటున్నాడు. అతని భాష ఎవరికీ రాదు. ఏం చెబుతున్నాడో అక్కడ ఒక్క వలమ్మకే తెలుసు.

ఆమె లేచి వేలాడుతున్న కొసల దగ్గరికి వెళ్ళింది. మొదట కోపం వచ్చింది, ఆ పిల్లాడి బూటు మీద. వెంటనే సిగ్గేసింది.

రెఫరీ వచ్చాడు. పొడుగాటి మనిషి, నెరిసిన మీసం. వరసగా మూడేళ్ళ నుంచి వస్తున్నాడు. వల పట్టుకుని పైనుంచి కిందికి చూశాడు. రెండు తాళ్ళు వేలాడుతున్నాయి. దొర్లుతున్న పిల్లల్ని చూశాడు, మళ్ళీ తాళ్ళను చూశాడు.

“ఇవెప్పుడు ఊడాయమ్మా? బంతి రాకముందా, పిల్లలు వేలాడాకా?”

అప్పటికే కంగారయ్య రొప్పుకుంటూ వచ్చేశాడు. “పిల్లలు వేలాడారు కదా సార్, అప్పుడే ఊడి ఉంటాయి. వలమ్మ ముడి ఊరికే ఊడదు,” అన్నాడు. అబద్ధమాడుతున్నానని ఆయన అనుకోవడం లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ నమ్మకాన్ని కట్టింది ఆమే.

వలమ్మ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. లోపల కాగితం మడతలు తగిలాయి. అవునంటే చాలు. అవునని కూడా అనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరు గెలుస్తుంది, కంగారయ్య గెలుస్తాడు, సాయంత్రం ఆ మాట మైకులో చదువుతారు, కోడలు వింటుంది. పసుపు చొక్కా పిల్లాడు అరవడం మానేసి ఆమె వైపు చూస్తున్నాడు. బతిమాలడం లేదు, ఏడవడం లేదు. ఆమె చూసిందని అతనికి తెలుసు, అంతే. వలకు అటొకరూ ఇటొకరూ ఉన్నారు, మధ్యలో జరిగింది ఇద్దరూ చూశారు.

ముడి సంగతి నిన్ను కాక ఇంకెవర్ని అడుగుతారే అనుకుంది తనలో తను. మనసు చిత్రంగా తేలికపడింది.

“బంతి బయటి నుంచి వచ్చింది సార్,” అంది. “ఆ రెండూ జారుముళ్ళు. నేనే వేశాను. బాగుందని మీకు వేలు చూపించిందీ నేనే. పిల్లల తప్పేం లేదు.”

కంగారయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. రెఫరీ ఆమెను ఒక్క క్షణం చూసి, తల పంకించి, గోల్ రద్దని చేతులూపాడు.

ఆ తర్వాత లేచిన గోల మామూలు గోల కాదు. సంగతి వరస వరసకూ పాకింది. ఒకాయన లేచి నిలబడి, “ఆ ముసలిదానికి నోరు మూసుకుని కూర్చోడం చేతకాలేదా? ఇంతకీ ఎవరావిడ?” అని అరిచాడు. వలమ్మ అప్పటికి స్తంభం దగ్గర మోకాళ్ళ మీద ఉంది. వీపు గ్యాలరీ వైపు ఉంది. తల తిప్పలేదు. తిప్పకుండానే ఆ జవాబు విన్నది.

“ఆమె మా అత్తయ్య. వలలు కట్టేది ఆవిడే. ఏమన్నా అనాలనుంటే ఇటు తిరిగి నాతో అనండి.”

రోజుకు వెయ్యిమందిని క్యూలో నిలబెట్టే టికెట్ల కౌంటరు గొంతు అది. మూడో వరస నుంచి పదమూడో వరస దాకా వినబడింది. ఆయన కూర్చున్నాడు.

వలమ్మ చేతిలో తాడు ఆగింది. పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నానని ఆమెకే తెలియని మాట అది. మళ్ళీ పని మొదలుపెట్టింది. రెండు చుట్లు, ఒక మెలిక, ఎదురు ముడి. తొందరపడలేదు. వేలమంది కళ్ళు ఆమె వేళ్ళ మీద ఉన్నాయి, ఆ వేళ్ళను అంతమంది ఎప్పుడూ చూసింది లేదు. కొస కాల్చి, ఉమ్ముతడి వేలితో అద్ది గట్టిపరిచి, రెండో ముడికి వెళ్ళింది. అయ్యాక లేచి, కాలు స్తంభానికి తన్ని పెట్టి, ఒంటి బరువంతా వేసి లాగింది. స్తంభం కదిలింది గానీ ముడి కదల్లేదు. రెఫరీ వచ్చి తనూ లాగి చూశాడు. అప్పుడామె బొటనవేలు ఎత్తింది.

ఆట గోల్ లేకుండానే ముగిసి, పెనాల్టీల దాకా పోయింది. ఊరి జట్టు ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. జట్టు కోచ్ మైదానం దాటి తిన్నగా ఆమె దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఇరవై తొమ్మిదేళ్ళకు వచ్చిందమ్మా ఈ రోజు మా పిల్లలకి.”

“అవును బాబూ. ముడి సరిగ్గా వేసుంటే ఆ బంతి బయటే ఆగేది, వాళ్ళకి ఆ సంబరమూ ఉండేది కాదు, ఈ ఏడుపూ ఉండేది కాదు. తప్పు నాదే. పిల్లలకి నేనే చెప్పుకుంటాను, పద.”

చెప్పుకుంది కూడా. వరసగా కూర్చుని ఏడుస్తున్న పదకొండుమంది ముందు నిలబడి, జారుముడి ఎందుకు వేసిందో, ఎలా జారిందో తాడు ముక్క పట్టుకుని చూపించి మరీ చెప్పింది. పొడుగు కుర్రాడు ముక్కు తుడుచుకుంటూ, “గట్టిగానే కొట్టాను కదా మరి?” అని అడిగాడు. “రెండు ముళ్ళు ఒక్క దెబ్బకి ఊడగొట్టావు. నేను చూసిన వాళ్ళలో ఎవరూ అలా కొట్టలేదు,” అంది. అది నిజమే కాబట్టి కుర్రాడు నమ్మాడు. ఏడుపు మధ్యలోనే కొంచెం ఛాతీ విరిచాడు.

మధ్యాహ్నం రెఫరీ ఒక కాగితం తీసుకుని పీట దగ్గరికి వచ్చాడు. రద్దయిన గోల్‌కు కారణం రాసి, సాక్షి సంతకం తీసుకోవాలట. వలమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ‘వల ముడి జారినందువల్ల’ అని ఉంది.

“ఇది మార్చాలి సార్.”

“ఏం? నిజమేగా?”

“ముడి దానంతటది జారదు సార్. సరిగ్గా కట్టనందువల్ల అని రాయండి.”

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకుని, కొట్టేసి రాశాడు. ఆమె కాగితాన్ని మోకాలి గుడ్డ మీద పెట్టుకుని, ఒక్కో అక్షరమూ కూర్చి సంతకం చేసింది.

సాయంత్రం ఫైనలు అయ్యాక కంగారయ్య వేదిక పక్కకు వచ్చి నసిగాడు. ఆ ఒక్క సంగతీ వదిలేస్తే మిగతా ఇరవై తొమ్మిదేళ్ళూ నిజమే కదా, రాసింది రాసినట్టు చదివేస్తానన్నాడు. వలమ్మ జేబులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

“వేలెత్తి చూపలేదన్న ముక్క తీసేయండి సార్. నా వేలే నేను ఎత్తి చూపించుకున్నాను.”

“అది తీసేస్తే ఇంకేం మిగులుతుందమ్మా? ఇరవై తొమ్మిదేళ్ళు వలలు కట్టింది. అంతేగా.”

“అంతే. అదే చదవండి.”

అదే చదివారు. మోకాళ్ళ గుడ్డలతోనే వేదిక ఎక్కింది. ఊరివాళ్ళు ఇంకా అలిగి ఉన్నారు, చప్పట్లు పలచగా మోగాయి. అంతలో ఒక మూల కుర్చీల్లో కూర్చున్న రెఫరీలు తొమ్మిదిమందీ లేచి నిలబడ్డారు. నెరిసిన మీసాయన మొదట లేచాడో, అందరూ ఒకేసారి లేచారో ఆమె గమనించలేదు. ఎందుకు లేచారో కొందరికి తెలిసింది, తెలియనివాళ్ళు పక్కవాళ్ళను చూసి లేచారు. వలమ్మకు ఎక్కడ చూడాలో తోచలేదు. కోడలి వైపు చూసింది. కోడలు చప్పట్లు కొట్టడం మర్చిపోయి, పక్కనున్న వాళ్ళెవరికో వేలు పెట్టి తననే చూపిస్తోంది.

ఆ సాయంత్రం వలలు విప్పేటప్పుడు కోడలు చెప్పులు విడిచి గడ్డిలోకి దిగింది. వల ఒక కొస తను పట్టుకుని, అత్తగారు చెప్పినట్టు మడత పెట్టింది. ఇద్దరూ కలిసి ఎనిమిది వలలూ మడిచి, గదిలో పెట్టి, నడిచి ఇంటికి వెళ్ళారు.

మళ్ళీ టోర్నమెంటు రెండు నెలల్లో ఉందనగా వలమ్మ పోయింది. మధ్యాహ్నం భోజనం చేసి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కునుకు తీసింది. కోడలు టీ పెట్టి పక్కన ఉంచి, లేస్తుందిలే అనుకుంది. టీ చల్లారాక గానీ తెలియలేదు.

వారం రోజుల తర్వాత, ఆమె దగ్గర ఉండిపోయిన మైదానం గది తాళంచెవి అప్పగించడానికి కోడలు ఆఫీసుకు వెళ్ళింది. బయట కొత్త గోల్‌లు బిగిస్తున్నారు. క్లిప్పులు టపటపా పడుతున్నాయి. కంగారయ్య బీరువా తెరిచి ఒక ఫైలు తీసి ఆమె ముందు పెట్టాడు. టోర్నమెంటు కాగితాలన్నీ ఆ బీరువాలో ఉన్నాయనీ, ఏ ఏడు ఏ జట్టు గెలిచిందో, ఎవరెన్ని గోల్‌లు వేశారో అన్నీ ఉన్నాయనీ, వలలు కట్టిన మనిషి పేరు మాత్రం ఇందులో ఒక్క చోటే ఉందనీ చెప్పాడు. కోడలు చదివింది. చదివి, మళ్ళీ మొదటి నుంచి బయటికి చదివింది, చివర ఉన్న పూర్తి పేరుతో సహా.

“ఇది ఇంటికి ఇవ్వడానికి కుదరదేమోనమ్మా. రికార్డు కదా,” అన్నాడాయన.

“వద్దండి. ఇక్కడే ఉండాలి. అడిగినవాళ్ళకి చూపించండి.”

ఆమె వెళ్ళిపోయాక కూడా ఆయన ఫైలు మూయలేదు. కాగితం బల్ల మీద తెరిచే ఉంది: ‘జారినందువల్ల’ అన్న మాట మీద అడ్డగీత, దాని పైన ఇరికించి రాసిన ‘సరిగ్గా కట్టనందువల్ల’, కింద పెద్ద పెద్ద అక్షరాల్లో ఒక సంతకం, సంతకం చివర గడ్డి పసరు అంటిన బొటనవేలి ముద్ర.